రీడింగులు వండటం కుదరని చోట

నా సెకండియర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ రికార్డులో ఒక్క తప్పు కూడా లేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఒప్పుకోలుగా చెబుతున్నాను. కామన్ ఎమిటర్ యాంప్లిఫైయర్ ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ ప్రయోగం రోజున మా బ్యాచ్ సర్క్యూట్ అసలు పని చేయలేదు. బ్రెడ్‌బోర్డులో ఎక్కడో లూజ్ కాంటాక్టు. రెండు గంటలు కుస్తీ పట్టి, ఇక టైం అయిపోతోందనగా సీనియర్ రికార్డు తెచ్చుకుని రీడింగులు వండేశాం. సెమీలాగ్ షీటు మీద గ్రాఫ్ ఎంత నున్నగా వచ్చిందంటే, టెక్స్ట్‌బుక్కులో బొమ్మ కూడా దాని ముందు దిగదుడుపే. పదికి తొమ్మిదిన్నర పడ్డాయి. మనలో మన మాట, ఈ పని చేయని వాళ్ళు ఎంతమంది ఉంటారు?

ఆ రోజు ఎవరికీ నష్టం జరిగినట్టు అనిపించలేదు. నష్టం నాకే జరిగిందని తెలియడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ సంగతి తెలియజెప్పింది మా హాస్టల్ గదిలో నలుగురం కలిసి కట్టిన ఒక వాల్వ్ గిటార్ యాంప్లిఫైయర్. దాన్ని కట్టాక నాకు ఏర్పడిన అభిప్రాయం ఒక్కటే. మన చదువులో తప్పుని దాచడం మరీ తేలికైపోయింది. తప్పు దాగని వస్తువు ఒక్కటైనా ఈ నాలుగేళ్ళలో మనం మన చేత్తో కట్టి తీరాలి.

సంగతేమిటంటే, మా రూమ్మేట్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. కంప్యూటర్ స్పీకర్లకి తగిలించి వాయిస్తుంటే అది గిటారో గిన్నెల మోతో తెలిసేది కాదు. "నాకు రాక్ బ్యాండు మోత అక్కర్లేదురా, క్లీన్ టోన్ కావాలి. ఆరు తీగలూ ఒకేసారి మీటినా ఆరూ విడివిడిగా వినపడాలి" అనేవాడు. కొనే స్తోమత లేదు కాబట్టి కడదామనుకున్నాం. కడితే వాల్వులతోనే కడదామన్నాను నేను.

"ఈ కాలంలో వాల్వులేంట్రా?" అని అందరూ అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ట్రాన్సిస్టర్ 1947లోనే పుట్టింది. ఇంటికి ఫోన్ చేసి చెబితే మా తాతయ్య నవ్వారు. "రేడియో వాల్వులా? అవి వేడెక్కేదాకా కూర్చోవాలిరా. వార్తలు మొదలవకముందే ఆన్ చేసి పెట్టుకునేవాళ్ళం" అన్నారు. మన ఇళ్ళలోంచి వాల్వులు ఎప్పుడో వెళ్ళిపోయినా గిటార్ వాయించేవాళ్ళు మాత్రం వాటిని వదల్లేదు. వాళ్ళ పుణ్యమా అని రష్యాలో, స్లొవేకియాలో, చైనాలో ఇప్పటికీ తయారవుతున్నాయి.

వాల్వు శబ్దమే గొప్పదని వాదించడానికి నేను ఇది రాయడం లేదు. ఇవాళ డిజిటల్ పెడల్ ఒకటి కొంటే పది రకాల యాంప్‌ల శబ్దాన్ని బాగానే అనుకరిస్తుంది. నేను వాల్వు ఎంచుకున్న కారణం వేరు. ఆ సర్క్యూట్ చాలా చిన్నది. ఫెండర్ కంపెనీ 1950లలో చేసిన చాంప్ అనే బుల్లి యాంప్ సర్క్యూటుని చాలామంది మొదటిసారి కట్టడానికి ఎంచుకుంటారు. ఆ కంపెనీ పెట్టిన లియో ఫెండర్ కాలిఫోర్నియాలో రేడియోలు రిపేరు చేసుకునే మనిషి. గిటార్ వాయించడం ఆయనకి రాదు! చాంప్‌లో 12ఏఎక్స్7 అనే చిన్న వాల్వు ఒకటి, అందులో రెండు ట్రయోడ్లు. గిటార్ ఇచ్చే కొద్దిపాటి వోల్టేజీని రెండు స్టేజీల్లో పెంచడం వాటి పని. తర్వాత 6వీ6 అనే పవర్ వాల్వు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా స్పీకరుని నడుపుతుంది. మొత్తం 5 వాట్లు. డజను పైచిలుకు రెసిస్టర్లు, ఆరేడు కెపాసిటర్లు, అంతే. ఏ భాగం ఏం చేస్తోందో వేలు పెట్టి చూపించొచ్చు. కరెంటు తీసేశాకే సుమా! ఆ సంగతికి తర్వాత వస్తాను.

క్లీన్ టోన్ తేలిక, డిస్టార్షన్ కష్టం అనుకునేవాణ్ణి. తీరా చూస్తే తిరగబడింది. వాల్వు తన హద్దు దాటి నడిస్తే తరంగం తల తెగుతుంది, కొత్త ఫ్రీక్వెన్సీలు పుట్టుకొస్తాయి. ఒక్క తీగ మీటితే అవి ఆ స్వరానికి రెట్టింపు, మూడింతలు ఇలా వస్తాయి కాబట్టి చెవికి నిండుగానే ఉంటుంది. రెండు మూడు తీగలు కలిపి మీటితే మాత్రం వాటి మొత్తాలు, తేడాలు కూడా పుడతాయి. ఆ గందరగోళంలో కార్డు కాస్తా బురదైపోతుంది. బురదలో ఏదైనా దాక్కోవచ్చు. వాయించేవాడి తప్పూ దాక్కుంటుంది, కట్టినవాడి తప్పూ దాక్కుంటుంది. క్లీన్ టోన్‌లో ఆ వెసులుబాటు లేదు.

సామాన్ల కోసం కోఠి గుజరాతీ గల్లీ అంతా తిరిగాం. వాల్వులు ఆన్‌లైన్‌లో తెప్పించాం. మొత్తం ఖర్చు నలుగురం పంచుకుంటే మనిషికి మూడు వేల లోపు. ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ మా బస్టాండు వెనక మోటారు వైండింగ్ షాపులో చుట్టించుకున్నాం. ఎన్ని చుట్లో, ఎంత గేజి తీగో లెక్కలు వేసి కాగితం మీద రాసిచ్చాం. ఆ పెద్దాయన రెండు రోజుల్లో చుట్టి ఇచ్చారు.

యాంప్ మొదటిసారి పలికిన రాత్రి మా ఆనందం పావుగంటే. సన్న తీగలు బాగానే ఉన్నాయి. లావు తీగ మీటితే మాత్రం నీరసంగా, బొంగురుగా, జలుబు చేసిన గొంతులా వస్తోంది. మూడు రోజులు రెసిస్టర్లు మార్చాం, కెపాసిటర్లు మార్చాం, లాభం లేదు. చివరికి ఆ ట్రాన్స్‌ఫార్మర్ పట్టుకుని మళ్ళీ షాపుకి వెళ్ళాం.

"బాబాయ్, ఇందులోంచి డీసీ ఎప్పుడూ ఒకే వైపు పోతూ ఉంటుంది. దానివల్ల ఏమైనా తేడా వస్తుందా?" అని అడిగాను.

ఆయన కళ్ళద్దాలు పైకి తోసుకుని మా వైపు చూశారు. "ఆ ముక్క ముందు చెప్పాలి కదా బాబూ! ట్రాన్స్‌ఫార్మర్ అన్నారని ట్రాన్స్‌ఫార్మర్ లాగే రేకులు పేర్చేశాను. ఇది చోక్ లాంటిదన్నమాట. ట్యూబ్‌లైట్ చోక్‌లో సందు వదులుతాం చూడు, దీనికీ అలాగే కాగితం పెట్టాలి" అన్నారు. ఈ ఆకారం రేకులన్నీ ఒక పక్కకి, ఐ ఆకారం రేకులన్నీ ఇంకో పక్కకి తీసి, మధ్యలో పల్చటి కాగితం పెట్టి బిగించారు. అరగంట పని. డబ్బులు కూడా తీసుకోలేదు.

ఆ రాత్రి లావు తీగ నిండుగా పలికింది. నాకు మాత్రం సంతోషం కంటే సిగ్గు ఎక్కువ కలిగింది. బీహెచ్ కర్వ్ గీసి, కోర్ సాచురేషన్ వివరించి, ఎయిర్ గ్యాప్ ఎందుకు అవసరమో రాసి పది మార్కుల ప్రశ్నకి ఎనిమిది తెచ్చుకున్నవాణ్ణి నేను. ఆ జవాబుకీ నా చేతిలో ఉన్న ఇనప ముద్దకీ సంబంధం ఉందని నాకు తట్టలేదు. ఒక్క పరీక్షా రాయని ఆయనకి "డీసీ" అన్న మాట చెవిన పడగానే తట్టింది. వండిన రీడింగుల ఖరీదు ఇదే. మార్కులు చేతికొస్తాయి, వస్తువు మాత్రం పరాయిదిగానే ఉండిపోతుంది.

తర్వాతి గండం హమ్. గిటార్ ముట్టుకోకపోయినా గుంయ్‌మని ఒకటే మోత. నేను వాల్వు హీటర్ల తీగల మీద అనుమానపడ్డాను. వాటిలో 6.3 వోల్టుల ఏసీ పోతుంది కదా, అక్కడినుంచే లీకవుతోందని నా సిద్ధాంతం. ఆ రెండు తీగల్నీ విప్పి, పురి గట్టిగా వేసి మళ్ళీ అతికాను. తేడా లేదు. అప్పుడు మా రూమ్మేట్, సివిల్ బ్రాంచ్ వాడు, గిటార్ తీసుకుని ఆ మోతతో శ్రుతి కలిపి చూశాడు. "ఇది లావు తీగ మీద మూడో ఫ్రెట్టు, జీ స్వరం. దానికంటే ఒక పిసరు పైన ఉంది" అన్నాడు.

ఆ స్వరం 98 హెర్ట్జ్. దానికంటే పిసరు పైన అంటే 100. మన కరెంటు 50 హెర్ట్జ్. హీటర్ తీగల నుంచి వచ్చే మోత అయితే 50 దగ్గర ఉండాలి. 100 అంటే రెక్టిఫైయర్ దాటాక వచ్చే రిపుల్! ఆసిలోస్కోపు లేకుండా, ఒక చెవి, ఒక గిటార్‌తో సగం వెతుకులాట అయిపోయింది. పవర్ సప్లై వైపు చూస్తే దొంగ దొరికాడు. మొదటి ఫిల్టర్ కెపాసిటర్ గ్రౌండు తీగని నేను తీసుకెళ్ళి గిటార్ ఇన్‌పుట్ గ్రౌండు పక్కనే అతికాను. కెపాసిటర్ ఛార్జ్ అయ్యే ప్రతిసారీ పెద్ద కరెంటు ఆ కాస్త తీగలోంచి పోతోంది. తీగకి ఉన్న కొద్దిపాటి నిరోధం మీద పుట్టిన వోల్టేజీ గిటార్ సిగ్నల్‌తో కలిసిపోతోంది. ఆ గ్రౌండుని ట్రాన్స్‌ఫార్మర్ సెంటర్ ట్యాప్ దగ్గరికి మార్చాను. మోత దాదాపుగా ఆగిపోయింది.

సిమ్యులేషన్‌లో ఇదే సర్క్యూట్ మొదటి రోజే అద్భుతంగా పనిచేసింది, తెలుసా! అక్కడ గ్రౌండ్ అంటే ఒక గుర్తు. ఎక్కడ పెట్టినా సున్నా వోల్టులే. ఛాసిస్‌లో గ్రౌండ్ అంటే ఒక తీగ. దానికి పొడవుంటుంది, నిరోధం ఉంటుంది, పొరుగువాళ్ళుంటారు. సిమ్యులేషన్ వద్దని నేను అనను. డిజైన్ తప్పు చాలావరకు పట్టేస్తుంది. కానీ కట్టడంలో తప్పు కట్టినప్పుడే దొరుకుతుంది.

ఇక క్లీన్ విషయం. మోత పోయాక కూడా వాల్యూమ్ పావు వంతు దాటితే చాలు, శబ్దం గరగరలాడేది. లెక్క వేస్తే తెలిసింది. మా 6వీ6 క్యాథోడ్ దగ్గర 19 వోల్టులున్నాయి. గ్రిడ్‌కి వచ్చే సిగ్నల్ శిఖరం సుమారుగా అంత దాటితే తల తెగడమే. 12ఏఎక్స్7 స్టేజీ ఒక్కోటీ కనీసం 30 రెట్లు పెంచుతోంది. గిటార్ పావు వోల్టు ఇస్తే మొదటి స్టేజీ దాటేసరికే ఏడు వోల్టులు పైన! ఇంకో స్టేజీ ఉండనే ఉంది. అందుకని 12ఏఎక్స్7 తీసి 12ఏయూ7 పెట్టాం. కాళ్ళు ఒకటే, సాకెట్ ఒకటే. మొదటిదాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 100, రెండోదానిది 20 దరిదాపు. పవర్ వాల్వు ఇచ్చే 5 వాట్లు పెరగలేదు కానీ ఆ 5 వాట్లనీ శుభ్రంగా వాడుకునే వీలొచ్చింది. తర్వాత పాత స్పీకరు తీసి, 3 డెసిబెల్స్ ఎక్కువ సెన్సిటివిటీ ఉన్నది పెట్టాం. చెవికి అది యాంప్ పవర్ రెట్టింపు చేసినదానితో సమానం.

అయినా డ్రమ్స్ పక్కన పెడితే మా యాంప్ గొంతు వినపడదు. స్టేజీ మీద క్లీన్‌గా మోగాలంటే ఫెండర్ వాళ్ళే 1963లో తెచ్చిన ట్విన్ రివర్బ్ లాంటిది కావాలి. నాలుగు 6ఎల్6 వాల్వులు, 85 వాట్లు. అన్ని వాట్లు చెవులు పగలగొట్టడానికే కాదు. తీగ గట్టిగా మీటిన ఆ ఒక్క క్షణంలో తల తెగకుండా చేతిలో మిగులు ఉండాలి. క్లీన్ అంటే నాకిప్పుడు అర్థమైనది ఇదే, చివరి దాకా వాడేయకుండా మిగుల్చుకున్న సత్తువ.

ఇప్పుడు ఆ ప్రమాదం మాట. మా యాంప్‌లో 300 వోల్టులు దాటి డీసీ ఉంది. ఒకరోజు 6వీ6 పీకేసి ఏదో పరీక్ష చేస్తున్నాం. ప్లగ్ తీసి పది నిమిషాలైంది. మా వాడు ఛాసిస్‌లో చెయ్యి పెట్టబోతుంటే ఎందుకో అనుమానం వచ్చి ఆపి, మల్టీమీటర్ పెట్టాను. 290 వోల్టులు. కరెంటు లాగే వాల్వు లేదు కాబట్టి కెపాసిటర్లు ఛార్జ్ అలాగే పట్టుకుని కూర్చున్నాయి. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఆ రాత్రే 220 కిలోఓముల 2 వాట్ల బ్లీడర్ రెసిస్టర్ ఒకటి శాశ్వతంగా అతికాం. దాని ధర నాలుగు టీల కంటే తక్కువ. అప్పటినుంచి మా గదిలో నియమాలు నాలుగు. ఒంటరిగా ఛాసిస్ తెరవకూడదు. మీటర్ పెట్టి చూడకుండా ముట్టుకోకూడదు. కొలిచేటప్పుడు ఒక చెయ్యి జేబులో ఉండాలి. ఛాసిస్‌కి ఎర్త్ లేకుండా, సీరీస్ బల్బు పెట్టి చూడకుండా మొదటిసారి ఆన్ చేయకూడదు. ఇంకో మాట, స్పీకరు తగిలించకుండా వాల్వ్ యాంప్ ఆన్ చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

కాబట్టి జూనియర్స్, ఇది చదివి రేపే వాల్వులు ఆర్డర్ పెట్టకండి. మొదట ఎల్‌ఎం386 ఐసీతో, 9 వోల్టుల బ్యాటరీ మీద చిన్న యాంప్ కట్టండి. గ్రౌండు ఎక్కడ అతకాలో అదీ నేర్పుతుంది, షాక్ కొట్టకుండా నేర్పుతుంది. వాల్వుల జోలికి వెళ్తే తెలిసిన మనిషిని పక్కన పెట్టుకుని వెళ్ళండి.

ఇక అసలు విషయం. ఫైనలియర్ ప్రాజెక్టులు అమీర్‌పేటలో దొరుకుతాయని మనందరికీ తెలుసు. బోర్డు, రిపోర్టు, పీపీటీ, వైవాలో అడగబోయే ప్రశ్నలకి జవాబులు, అన్నీ కలిపి ఒకే రేటు. థర్డియర్ మినీ ప్రాజెక్టు నేనూ అలాగే కొన్నాను. బటన్ నొక్కితే ఎల్‌ఈడీ వెలిగింది, మార్కులు పడ్డాయి. అది ఎందుకు వెలుగుతోందో ఇవాళ్టికీ పూర్తిగా తెలియదు. కొన్నవాళ్ళని తిట్టడం తేలికే, కానీ మన మార్కుల పద్ధతి ఏం అడుగుతోందో కూడా చూడాలి. "పనిచేసిందా?" అని ఒక్కటే అడుగుతోంది. పనిచేసేదాన్ని కొనడం తేలిక. పని చేయనిదాన్ని చేయించడం ఎవరూ అమ్మలేరు.

అందుకే నా ప్రతిపాదన. ప్రాజెక్టు మార్కుల్లో మూడో వంతు ఒక తప్పుల పుస్తకానికి ఇవ్వండి. ఏ తేదీన ఏం చెడింది, మొదట ఏమనుకున్నావు, ఎలా కనుక్కున్నావు, ఎలా బాగు చేశావు. అంతే రాయాలి. ఎక్స్‌టర్నల్ వచ్చినప్పుడు ఆ పుస్తకంలోంచే ప్రశ్నలు అడగాలి. "అదీ వండేస్తారు" అని మా ఫ్రెండ్ ఒకడు నవ్వాడు. కొందరు వండుతారు, నిజమే. కానీ నున్నటి గ్రాఫ్ వండినంత తేలిక కాదది. హీటర్ తీగలనుకుని మూడు రోజులు పోగొట్టుకుని, చివరికి గ్రౌండు దగ్గర దొరికిందని చెప్పినవాణ్ణి పక్కనుంచి రెండు ప్రశ్నలు అడిగితే నిజమో కాదో తెలిసిపోతుంది. ల్యాబ్‌లో కూడా అంతే. సర్క్యూట్ పని చేయని రోజున "పని చేయలేదు, ఈ మూడు చోట్ల వెతికాను" అని రాస్తే పదికి ఏడైనా వేసే ధైర్యం మాస్టార్లకి ఉంటే, సీనియర్ రికార్డు కోసం పరిగెత్తే అవసరం మాకుండదు.

మొన్న సెలవుల్లో ల్యాబ్ అసిస్టెంట్ గారిని బతిమాలి, ఆ కామన్ ఎమిటర్ ప్రయోగం మళ్ళీ చేశాను. గ్రాఫ్ అంత నున్నగా రాలేదు. ఒక పాయింటు గీతకి దూరంగా ఉండిపోయింది. ఎందుకో ఇంకా వెతుకుతున్నాను.

మా యాంప్‌లో కూడా చిన్న హమ్ ఇంకా ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక, ఫ్యాన్ ఆపితే వినపడుతుంది. ఇది 50 హెర్ట్జే. ఈసారి మాత్రం నిజంగానే హీటర్ తీగలు. మా తప్పుల పుస్తకంలో పద్నాలుగో నంబరు కింద రాసిపెట్టాం. బాగు చేశాక పక్కన తేదీ వేస్తాం.